డబుల్ బాస్ మీద వాచస్పతి

మా ఆయనకు అనుమానం ఎక్కువ. ఈ మాట నేను ఆయన ఎదురుగానే అంటాను, ఎందుకంటే చాటుగా అంటే ఇంకా అనుమానిస్తారు. విజయనగరంలో వయొలిన్ మేష్టారుగా పనిచేసినన్నాళ్ళూ ఆ అనుమానాన్ని శిష్యులందరూ తలా కాస్త పంచుకునేవారు. రిటైరయ్యాక వాళ్ళ వాటా కూడా నాకే వచ్చింది. అమెరికాలో మా అమ్మాయి జాహ్నవి దగ్గర ఆరు నెలలు ఉందామని బయల్దేరినప్పుడు, ఎయిర్‌పోర్టులో వయొలిన్ పెట్టె తెరిచి చూసిన కుర్రాడు తీగ మార్చేశాడేమోనని నెవార్క్‌లో దిగేదాకా ఆయనకు కునుకు లేదు. నన్నూ పడుకోనివ్వలేదు.

అయితే ఈ జబ్బుకు ఒక కారణం ఉంది. అది చెప్పకపోతే ఆయనకు, అంటే కొండల్ రావుగారికి, అన్యాయం చేసినదాన్నవుతాను. పెళ్ళైన కొత్తలో ఆయన వాచస్పతి రాగంలో ఒక వర్ణం కట్టారు. జీవితంలో ఆయన సొంతంగా కట్టింది అదొక్కటే. దాని కోసం ఏడాది పాటు అన్నం సరిగ్గా తినలేదు. తయారయ్యాక ప్రాణస్నేహితుడని నమ్మి లక్ష్మీపతికి వినిపించారు. ఆ లక్ష్మీపతి మరుసటి నెలలోనే దాన్ని రేడియోలో తనదని చెప్పి పాడేశాడు. నిలదీస్తే, "రాగం మీద నీ పేరు రాసుందా కొండలూ?" అన్నాడట.

ఆ తరువాత మా ఆయన వర్ణం రెండో సగం మొత్తం చెరిపి మళ్ళీ కట్టారు. ఇంకా బాగా కట్టారనే చెప్పాలి. ఇక దాన్ని ఎవరి ముందూ వాయించలేదు. పొద్దున్న కాఫీ తాగి, గది తలుపు వేసుకుని, ఒక్కసారి వాయించుకుని బయటికొస్తారు. ఎవరూ వినకూడదు. ఎవరూ అంటే నేను కూడా. కాపురానికొచ్చిన పిల్లనని, పిల్లల్ని కన్నదాన్నని, ఆయనకు గుండెలో స్టెంట్ వేసినప్పుడు ఆస్పత్రి బల్ల మీద పడుకున్నదాన్నని కూడా లేదు, తలుపు తలుపే.

ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో జాహ్నవి వాళ్ళ అపార్ట్‌మెంట్ గోడలు చెక్కవి. వచ్చిన వారంలోనే కింది ఫ్లాట్ తమిళ కుర్రాడు మెయిల్ బాక్సుల దగ్గర నవ్వుతూ అడిగాడు, "అంకుల్, మార్నింగ్ వాయించే రాగం ఏంటి? చాలా బాగుంది." అంతే. మర్నాటి నుంచి మా ఆయన గదిలోని క్లోజెట్‌లోకి మారారు. చలికోట్లన్నీ వేలాడే చోటు అది. శబ్దం తగ్గేలా, వయొలిన్ తీగల్ని మోసే గుర్రం కింద గుడ్డముక్క దోపి, కోట్ల మధ్య నిలబడి, లోపల లైటు వేసుకుని వాయించుకునేవారు. బయటికొచ్చేసరికి ముఖమంతా చెమట. అల్లుడు చూసి, "మావయ్యగారు లోపల ఎక్సర్‌సైజ్ చేస్తున్నారా?" అని నన్ను మెల్లగా అడిగాడు.

ఇక మా మనవరాలు స్మృతి. పదహారేళ్ళది. వయొలిన్ మేష్టారి మనవరాలు వయొలిన్ వాయిస్తుందనుకుంటాం కదా, అది డబుల్ బాస్ వాయిస్తుంది. వయొలిన్‌కి పెద్దమ్మ అనుకోండి. మనిషి కంటే ఎత్తు. దాన్ని కౌగిలించుకుని నిలబడి వాయించాలి. ఇది జాహ్నవి వేసిన ఎత్తు. "అమ్మా, ఇక్కడ మనవాళ్ళ పిల్లలందరూ వయొలినే. కాలేజ్ అప్లికేషన్‌లో వయొలిన్ అంటే ఎవడూ చూడడు. బాస్ ప్లేయర్స్ దొరకరు. ఏ ఆర్కెస్ట్రాకైనా కావాలి," అని ఆరో క్లాసులోనే అది చేతికిచ్చింది. జాహ్నవి లెక్కలో అదొక అప్లికేషన్. పిల్ల మాత్రం దాన్ని నిజంగా ప్రేమించేసింది. లెక్కలు వేసేవాళ్ళకు ఇలాగే జరగాలని నాకు లోపల సంతోషం కూడా వేసింది.

దానికి పాఠం చెప్పేది అన్సెల్మో అనే బ్రెజిల్ ఆయన. నెవార్క్‌లో బ్రెజిల్ వాళ్ళూ పోర్చుగీసు వాళ్ళూ ఉండే పేటలో ఇల్లు. శనివారం శనివారం జాహ్నవి వ్యాన్‌లో వెనక సీట్లు మడిచి, బాస్‌ని పడుకోబెట్టి తీసుకెళ్ళేది. దాని మెడ ముందు సీట్ల మధ్యకు పొడుచుకొచ్చేది, మా ఆయన భుజం పక్కకి. మొదటిసారి మేమూ వెళ్ళాం. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం అని నేను, వాడెవడో చూడాలి అని ఆయన.

అన్సెల్మోకి మా ఆయన వయసే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ వాయిద్యం మీద వంగి వంగి ఒక భుజం కిందికి జారిపోయింది. మేడ మీద గదిలో గోడకు ఆనించి మూడు బాస్‌లు నిలబడి ఉన్నాయి. మాకు చిన్న కప్పుల్లో చిక్కటి కాఫీ ఇచ్చాడు. మా ఆయన ఒక గుక్క తాగి, "కాఫీ బాగుంది," అన్నారు నాతో తెలుగులో, అదేదో ఆధారం దొరికినట్టు.

"ఆర్కెస్ట్రాలో బాస్ ఎప్పుడూ వెనక వరుసే. మా దేశంలో దాన్ని ముందుకు తెచ్చి, ఒంటరిగా నిలబెట్టి, కచేరీ కోసం రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వినేవాళ్ళే తక్కువ. ఈ పిల్లకి అందులో ఒకటి నేర్పుతున్నాను," అన్నాడు అన్సెల్మో. ఆయన ఇంగ్లీషు మెల్లగా ఉంటుంది కాబట్టి నాకూ అర్థమైంది. బ్రెజిల్‌లో రెసిఫే అనే ఊళ్ళో ఉండే ఆయన స్నేహితుడు బాస్‌కీ పియానోకీ కలిపి రాసిన సంగీతమట. అలా చెప్పి, విల్లు తీసుకుని వాయించాడు.

ముందు నేల అదిరింది. తరువాత పై తీగ మీద పాట లేచింది. ఊళ్ళో తిరునాళ్ళలో ఎవరో నడుస్తూ పాడుకున్నట్టు ఉంది. నాకు నచ్చింది. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"విన్నావా?"

"వింటూనే ఉన్నాను. చెయ్యి వదలండి."

"ప్రతిమధ్యమం, కైశికి నిషాదం. ఇది వాచస్పతి!"

సంగీతం రానివాళ్ళ కోసం చెబుతాను. ఏడు స్వరాలలో మధ్యమం పైకీ నిషాదం కిందికీ ఉంటే, మిగతావి మామూలుగా ఉంటే, అది వాచస్పతి. మధ్యమం ఒక్కటి కిందికి దించారా, రాగమే మారిపోతుంది. అలాంటి మెట్లే వరసగా అన్సెల్మో బాస్ మీద పలుకుతున్నాయి, నిజమే.

మా ఆయన లేచి నిలబడ్డారు. "సర్, ఫ్రమ్ వేర్ యూ గాట్ దిస్?"

అన్సెల్మో నవ్వాడు. "మా దేశంలో ఈశాన్యం వైపు అందరూ ఇలాగే పాడతారు. సంతల్లో గుడ్డివాళ్ళు, పశువులు కాసేవాళ్ళు. వాళ్ళ పాటల్లో ఇవే మెట్లు."

తిరుగుదారిలో టర్న్‌పైక్ అనే పెద్దరోడ్డు ఎక్కినప్పటి నుంచీ మా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. "పశువులు కాసేవాళ్ళు వాచస్పతి పాడతారా? మా కాలేజీలో నాలుగేళ్ళు చదివినవాళ్ళకే సరిగ్గా పలకదు."

"నాన్నా ప్లీజ్, ఎగ్జిట్ మిస్ అవుతాను," అంది జాహ్నవి.

"తాతా, స్కేల్స్ ఆర్ ఫ్రీ," అంది వెనక నుంచి స్మృతి. "ఎవరైనా యూజ్ చెయ్యచ్చు."

"రాగం మీద పేరు రాసుండదని నాకు ముందే చెప్పారులే," అన్నారాయన. బాస్ మెడని భుజం మీంచి తోసేశారు.

ఆ మరుసటి వారం నుంచీ ఇంట్లో నిఘా మొదలైంది. అన్సెల్మో గురించి స్మృతిని అడగడం, ఆయన ఇండియా ఎప్పుడైనా వెళ్ళాడా అని, ఇండియా శిష్యులు ఇంకా ఉన్నారా అని. లక్ష్మీపతి కొడుకు అమెరికాలోనే ఎక్కడో ఉన్నాడని ఆయనకు ఎప్పుడో ఎవరో చెప్పారు. ఆ అబ్బాయి టెక్సాస్‌లో ఇర్వింగ్‌లో ఉంటాడు, నెవార్క్‌కీ దానికీ సంబంధం ఏమిటంటే, "విమానాలు లేవా?" అన్నారు. నేను పెసరట్టు తిరగేశాను.

నాకూ ఒక అనుమానం మొదలైంది, అయితే అది బ్రెజిల్ మీద కాదు. పిల్ల మీద. ఇదివరకు స్మృతి తలుపు బార్లా తెరిచి సాధన చేసేది, మేం ఇంట్లో ఉన్నామన్న స్పృహ కూడా ఉండేది కాదు. ఇప్పుడు తలుపు వేస్తోంది. తలుపు కింద సందులో తువ్వాలు పెడుతోంది. నేను పళ్ళముక్కలు తీసుకుని వెళ్తే చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసి, ఫోన్ దిండు కింద తోసి, "థాంక్స్ అమ్మమ్మా," అని నేను వెళ్ళేదాకా విల్లు ముట్టుకోదు. పైగా పొద్దున్న పూట మా గదిలో దానికి పని పడుతోంది. ఎండాకాలం వస్తోంటే చలికోటు కావాలంటుంది. జాహ్నవికి చెబితే, "టీనేజ్ అమ్మా, బాయ్‌ఫ్రెండ్ అయ్యుంటాడు," అని ఆఫీస్ కాల్‌లోకి వెళ్ళిపోయింది. క్లోజెట్‌లో బాయ్‌ఫ్రెండ్ ఏమిటో నాకు అర్థం కాలేదు.

తేలింది ఒక ఆదివారం మధ్యాహ్నం. మా ఆయన చేతులు కడుక్కుని స్మృతి గది ముందు నుంచి వెళ్తూ ఆగిపోయారు. తువ్వాలు పక్కకి జారి ఉన్నట్టుంది. లోపల బాస్ మీద, కింది స్థాయిలో, తడబడుతూ, ఒక పాట వినిపిస్తోంది. ఈసారి అది వాచస్పతి రాగం ఒక్కటే అయితే గొడవ లేదు. అది వర్ణం. మా ఆయన వర్ణం. లక్ష్మీపతి ఎత్తుకుపోయిన మొదటి సగం కూడా కాదు, ఆ తరువాత తలుపు చాటున కట్టిన రెండో సగం.

ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. తడి చేతులతోనే వచ్చి సోఫాలో కూర్చున్నారు. ఆ ముఖం నేను ఆస్పత్రిలో చూశాను, మళ్ళీ ఇక్కడే. నాకు భయం వేసింది.

"నువ్వు నేర్పావా?" అన్నారు.

"ఏమిటి?"

"నా ఇంట్లో ఇంకెవరికి తెలుస్తుంది? దానికి నువ్వే నేర్పి ఉంటావు."

ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ ఆ తలుపు బయట కూర్చున్నది నేను. ఒక్కనాడైనా "నాకు వినిపించండి" అని అడిగానా? అడిగితే లక్ష్మీపతిని చూసినట్టు చూస్తారని తెలుసు కాబట్టి అడగలేదు. అది నాకు ఎంత కష్టమో ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. ఇంకోటి కూడా చెప్పలేదు. ఆ వర్ణం నాకు మొత్తం వచ్చు. వంటింటికీ ఆ గదికీ మధ్య ఒక్క గోడే. పొద్దున్నపూట పప్పు కడుగుతూ, కూర తరుగుతూ, ప్రతి రోజూ విన్నాను. నేర్చుకోవాలని నేర్చుకోలేదు, వచ్చేసింది. పెదవులు కదపకుండా లోపల్లోపల పాడుకునేదాన్ని. దొంగతనం లాగే అనిపించేది, అయినా మానలేదు.

"నేను నేర్పలేదు," అన్నాను. "మీ మీద ఒట్టు."

నమ్మలేదు. తన వర్ణం ఆ బ్రెజిల్ సంగీతంలోకి వెళ్ళిపోయిందనే తేల్చుకున్నారు.

శనివారం మళ్ళీ నెవార్క్ వెళ్ళాం. అన్సెల్మో కాఫీ ఇస్తే మా ఆయన ముట్టుకోలేదు. నిలబడే ఇంగ్లీషులో అడిగారు. "సర్, మీ స్నేహితుడు రాసిన దానిలో నా సంగీతం ఉంది. అది ఆయనకు ఎవరిచ్చారు? మీరా? నా మనవరాలా?"

స్మృతి ముఖం పాలిపోయింది. అన్సెల్మో ఒకసారి దాన్ని, ఒకసారి ఈయన్ని చూసి, విల్లు పక్కన పెట్టాడు.

"ఆ సంగీతం మధ్యలో నా స్నేహితుడు ఒక చోటు ఖాళీగా వదిలాడు," అన్నాడు. "బాస్ వాయించేవాళ్ళు అక్కడ తమ ఇంటి పాట ఏదైనా వాయించాలి. పియానో ఆగి వింటుంది. ఆయన పద్ధతి అది. నేను నా మొదటి కచేరీలో మా అమ్మమ్మ జోలపాట వాయించాను. ఈ అమ్మాయి తాతగారి పాట వాయిస్తానంది. మంచిది, కానీ ఆయన్ని అడిగి ఒప్పుకుంటేనే అన్నాను. అడిగాను, ఒప్పుకున్నారు అని చెప్పింది." ఆయన స్మృతి వైపు తిరిగాడు. "నువ్వు నాకు అలాగే చెప్పావు కదా?"

స్మృతి నేల చూసింది. అప్పుడు మెల్లగా, తెలుగూ ఇంగ్లీషూ కలిపి, అంతా చెప్పింది. పొద్దున్న ఆయన క్లోజెట్‌లోకి వెళ్ళే ముందు తన చలికోటు జేబులో ఫోన్ ఆన్ చేసి పెట్టేదట. ఆయన బయటికొచ్చాక తెచ్చుకునేదట. వినీ వినీ నేర్చుకుందట.

"అడిగితే ఇవ్వవు తాతా. నువ్వు ఎవరికీ ఇవ్వవు. అందుకే..."

అన్సెల్మోకి కోపం వచ్చింది. అరవలేదు గాని, "నాతో అబద్ధం చెప్పి ఈ గదిలో వాయించావు," అన్నాడు. "ఆయన ఒప్పుకోనిదే ఒక్క స్వరం కూడా వీల్లేదు. సర్, ఇక మీ ఇష్టం."

నేను మా ఆయన ముఖం చూస్తున్నాను. ఎన్నో ఏళ్ళ తరువాత ఎవరో ఆయన్ని అడిగారు, ఇది మీది, మీరేమంటే అది అని. లక్ష్మీపతి అనని మాట ఈ పరదేశి అన్నాడు. ఇప్పుడైనా మెత్తబడతారని ఆశపడ్డాను.

"తీసెయ్యండి," అన్నారు.

వ్యాన్‌లో స్మృతి ఏడుస్తూనే ఉంది. జాహ్నవి రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా టిష్యూలు వెనక్కి అందించింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"నీ నేమ్ అనౌన్స్ చేద్దామనుకున్నాను," అంది పిల్ల. "స్టేజ్ మీద. అందరికీ. కంపోజ్డ్ బై మై గ్రాండ్‌ఫాదర్ అని."

"నాకు అక్కర్లేదు."

"తాతా, నువ్వు చచ్చిపోతే అది కూడా పోతుంది. దెన్ వాట్?"

"స్మృతీ!" అంది జాహ్నవి.

పెద్దవాళ్ళతో ఆ మాట అనకూడదని ఈ దేశంలో పుట్టిన పిల్లకి తెలియదు. నేను కోప్పడాలి. కోప్పడలేదు. స్టెంట్ వేసిన రోజు నుంచీ నా గొంతులో అడ్డం పడి ఉన్న మాట అది. ఆ మనిషితో పాటే ఆ వర్ణం కూడా బూడిదైపోతుందని నాకు తెలుసు. తరువాత నేనొక్కదాన్ని వంటింట్లో పెదవులు కదపకుండా పాడుకుంటూ ఉంటాను, నాతో అదీ పోతుంది.

జూన్‌లో అన్సెల్మో శిష్యుల కచేరీ. నెవార్క్‌లో ఒక చర్చి పక్కన చిన్న హాలు, మడత కుర్చీలు, ఒక పియానో. శిష్యుల తల్లిదండ్రులు, ఆ పేటవాళ్ళు కొందరు. మా ఆయన రానన్నారు. తరువాత, "వాయించకుండా ఉంటుందో లేదో చూడాలి కదా," అని చొక్కా వేసుకున్నారు. మా పక్కనే కూర్చుని చెవులు రిక్కించారు, పరీక్ష హాల్లో కాపలా ఉన్నవాడిలా. ఇంట్లో స్మృతి ఆ ఖాళీలో ఏం వాయిస్తుందో ఎవరికీ చెప్పలేదు. జాహ్నవి ఏదైనా సినిమా పాట వాయించు అంటే, తల అడ్డంగా ఊపింది.

స్మృతి నల్ల గౌనులో వచ్చి బాస్‌ని భుజానికి ఆనించుకుంది. మొదలుపెట్టింది. నేను ఆ రోజు అన్సెల్మో గదిలో విన్న పాటే, కాని ఇప్పుడు పియానో కింద నుంచి తాళం వేస్తూ ఉంటే బాస్ గంతులేస్తోంది. అంత బరువు వాయిద్యం అంత తేలిగ్గా నవ్వుతుందని నేను అనుకోలేదు. నెమ్మదిగా వేగం తగ్గింది. పియానో ఆగింది. పియానో వాయించే ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఖాళీ చోటు వచ్చింది.

మా ఆయన ముందుకు వంగారు.

స్మృతి రెండు తీగల మీద కలిపి విల్లు వేసింది. కింద పంచమం, పైన షడ్జం. అంతే. ఎడమచేయి తీగల మీద లేదు, పక్కకి దించేసింది. విల్లు అటూ ఇటూ లాగుతూ ఆ రెండే పలికిస్తోంది. తంబుర శ్రుతి. పాడేవాళ్ళ కోసం వేసి ఉంచే శ్రుతి. పాట లేదు. తాతగారి పాట ఉండాల్సిన చోట, ఆ పాట కోసమే పిల్ల శ్రుతి వేసి నిలబడింది, కళ్ళు మూసుకుని. హాల్లో అందరూ ఇది ఇంతే కాబోలు అనుకున్నారు. అన్సెల్మో గోడ పక్కన కదలకుండా ఉన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. వెంటనే కోపం కూడా వచ్చింది. పిల్ల మాట నిలబెట్టుకుంది, ఒక్క స్వరం దొంగిలించలేదు, ఇంతకంటే ఏం చేస్తుంది? పక్కన ఈయన రాయిలా కూర్చున్నారు. ఈ శ్రుతి ఎంతసేపు ఉంటుంది? ఇది ఆగిపోతే ఆ వర్ణానికి ఇక చోటు ఎక్కడ?

మోకాలి మీద తాళం వేసుకుని నేను పాడటం మొదలుపెట్టాను.

నా గొంతు కచేరీ గొంతు కాదు. కూరగాయల బండివాడిని మేడ మీంచి పిలిచే గొంతు. అయినా ఆ శ్రుతి మీద పడేసరికి నిలబడింది. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. జాహ్నవి "అమ్మా!" అని నా చీర లాగింది. పల్లవి మొత్తం పాడాను. పక్కకి చూడలేదు, చూస్తే ఆగిపోతానని తెలుసు. ఆయన ఊపిరి మాత్రం వినిపిస్తోంది. రెండో సగంలోకి వెళ్ళాను, ఆయన తలుపు చాటున కట్టుకున్న భాగంలోకి. అక్కడ పంచమం మీంచి కిందికి దిగేటప్పుడు మధ్యమం మీద ఒక క్షణం నిలబడాలి. అది ప్రతిమధ్యమం అని నాకు తెలుసు. అన్నేళ్ళు విన్నదాన్ని నాకు తెలియదా? నేను దాని కిందిది, శుద్ధమధ్యమం, వేసి నిలబడ్డాను.

"ప్రతి!" అన్నారాయన.

నేను ఆ వరసే మళ్ళీ ఎత్తుకుని మళ్ళీ అదే తప్పు పాడాను.

"ప్రతిమధ్యమం అంటుంటే!" అని, ముప్పై ఏళ్ళు క్లాసులో పిల్లలకి దిద్దినట్టే, చెయ్యి పైకెత్తి ఆ వరస తనే పాడారు. సరిగ్గా, గట్టిగా. హాలంతా వినిపించేలా. వర్ణంలో ఆ వరస అక్కడ ఆగదు, దాని మీదికి తరువాతిది రావాలి. ఏ మేష్టారూ పాఠాన్ని సగంలో వదలరు. తరువాతి వరస పాడారు. ఆపైది పాడారు. నేను ఆగిపోయాను, ఆయన ఆగలేదు. వేదిక మీద స్మృతి కళ్ళు తెరిచింది. విల్లు ఆపకుండా ఎడమచేయి మళ్ళీ తీగల మీదికి తెచ్చి, ఆయన గొంతు వెంట, ఒక అడుగు వెనకగా, కింది స్థాయిలో నడిచింది. చివరి స్వరాలు ఇద్దరూ కలిసే ముగించారు.

అప్పటికి ఆయనకు తెలిసొచ్చింది. నోరు తెరిచి అలాగే ఉన్నారు. చుట్టూ చూశారు, ఎవరు విన్నారో అని. అందరూ విన్నారు. పియానో ఆవిడ మళ్ళీ అందుకుంది, బాస్ గంతులేస్తూ చివరిదాకా పోయింది.

చప్పట్ల తరువాత అన్సెల్మో మా దగ్గరికొచ్చాడు. స్మృతి ఆయన వెనకే ఉంది, భయంగా. ముందు వరసలో వెనక్కి తిరిగిన మనిషి ఒకాయన మా ఆయన్ని అడిగాడు, ఆ మధ్యలోది ఎవరి పాట అని.

"నాది," అన్నారు తెలుగులో. అతనికి అర్థం కాలేదని గుర్తొచ్చి, "మైన్. ఐ మేడ్ ఇట్," అన్నారు. ఆ మాట ఆయన నోటి వెంట నేను పెళ్ళైన కొత్తలో విన్నాను, మళ్ళీ అప్పుడే వినడం. అన్సెల్మో ఆయన్ని కౌగిలించుకున్నాడు. మా ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు గాలిలో ఉంచి, చివరికి ఆ వంగిన భుజం మీద వేశారు. స్మృతితో మాత్రం, "మూడో వరసలో నీ గాంధారం కాస్త దిగింది. రేపు పొద్దున్న రా, చెబుతాను," అన్నారు.

"క్లోజెట్‌లోకా?" అంది అది.

"హాల్లోకి. క్లోజెట్‌లో ఆ ఏనుగు పట్టదు," అన్నారు.

తిరిగి వస్తున్నాం. స్మృతి వెనక బాస్ పక్కన ఒదిగి నిద్రపోయింది. మా ఆయన సీటు బెల్టు కింద నుంచి కష్టం మీద నా వైపు తిరిగారు.

"నీకు మొత్తం వచ్చా?"

"గోడలు పలచన."

"ఎప్పట్నుంచి?"

"మీకెప్పట్నుంచి వచ్చో అప్పట్నుంచి."

ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసి నేను కిటికీ వైపు తిరిగాను. కాస్త దూరం పోయాక మళ్ళీ గొంతు సవరించుకున్నారు. ఆ గొంతు నాకు తెలుసు. ఎవరి మీదో అనుమానం వచ్చినప్పటి గొంతు.

"రాజేశ్వరీ, అంతా సరిగ్గా పాడావు. తాళం సరిగ్గా ఉంది. నిషాదాలు సరిగ్గా ఉన్నాయి. ఆ ఒక్క మధ్యమం ఎలా తప్పింది?"

"వయసైపోయింది."

"రెండుసార్లు తప్పింది. సరిగ్గా అదే చోట."

"ఏం చేస్తాం, సంగీతం చదువుకోలేదుగా."

"నువ్వు కావాలనే తప్పు పాడావు."

జాహ్నవి అద్దంలోంచి నన్ను చూసి నవ్వు ఆపుకుంది. నేను బయట లారీలు చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాకా అడిగారు, మజ్జిగ అన్నం తింటూ అడిగారు, విజయనగరం తిరిగొచ్చాకా ఏదో పనిలో ఉన్నప్పుడు హఠాత్తుగా అడుగుతూనే ఉన్నారు. నేను ఇంతవరకూ ఒప్పుకోలేదు.